అయిదేళ్లు నడిస్తే చాలనుకుని కట్టిన ఓడ: జెరెమయా ఓబ్రయన్ సర్వీసు చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కట్టిన లిబర్టీ సరకు నౌకల గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. హడావుడిగా వెల్డింగ్ చేసి నీళ్లలోకి తోసేశారు కాబట్టి సముద్రం మధ్యలో రెండు ముక్కలయ్యాయన్నది ఒకటి. ఆ కాలపు పనితనమే వేరు, ఇప్పటికీ నడుస్తున్నాయి చూడండన్నది రెండోది. రెండూ ఒకే రకం ఓడ గురించి చెప్పేవే. రెండూ సగం సగం నిజాలే. ఏ సగం నిజమో తేల్చడానికి ఎస్.ఎస్. జెరెమయా ఓబ్రయన్ బాగా పనికొస్తుంది. 1943లో కట్టిన ఈ ఓడకు అప్పట్లో వేసుకున్న ఆయుష్షు అయిదేళ్లు. ఇప్పుడది శాన్ ఫ్రాన్సిస్కో రేవులో ప్రదర్శనశాల. ప్రదర్శనశాలే అయినా బాయిలర్లు వెలిగించుకుని, పుట్టినప్పటి ఇంజిన్‌తోనే బయటికి వెళ్లి రాగలదు. మొత్తం 2,710 లిబర్టీ నౌకల్లో ఇలా నడవగలిగిన స్థితిలో మిగిలినవి రెండే. రెండోది బాల్టిమోర్‌లోని జాన్ డబ్ల్యూ. బ్రౌన్.

మా లెక్కలో సంగతి ఇది: ఈ ఓడలో వెనకబాటుతనంలా కనిపించిన భాగమే, అంటే ఇంజిన్, దాన్ని బతికించింది. ఆధునికమని గర్వపడిన భాగం, అంటే వెల్డింగ్‌తో అతికిన పొట్ట, ప్రమాదాన్ని దాచుకుంది. అయితే ఆ ప్రమాదానికి వెల్డింగ్ ఒక్కటే కారణం కాదు.

నమూనా సండర్లాండ్‌ది

1940లో జర్మన్ జలాంతర్గాములు బ్రిటన్ సరకు ఓడలను ముంచుతున్న వేగాన్ని అక్కడి షిప్‌యార్డులు అందుకోలేకపోయాయి. ఆ ఏడాది చివర్లో సండర్లాండ్‌కు చెందిన సిరిల్ థాంప్సన్ నాయకత్వంలో ఒక బృందం డ్రాయింగులు పట్టుకుని అమెరికా వెళ్లింది. అవి థాంప్సన్ల నార్త్ శాండ్స్ యార్డు సరకు ఓడ డ్రాయింగులు. పది వేల టన్నుల సరకు, గంటకు పది పదకొండు నాటికల్ మైళ్ల వేగం, బొగ్గు బాయిలర్లు. హంగులేమీ లేవు. ఆ బృందం 60 ఓడలకు ఆర్డరిచ్చింది. ముప్ఫై కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో, ముప్ఫై మెయిన్ రాష్ట్రంలోని సౌత్ పోర్ట్‌లండ్‌లో. ఇవి ‘ఓషన్’ తరగతి ఓడలు.

అమెరికా మారిటైమ్ కమిషన్ (వ్యాపార నౌకల ప్రభుత్వ సంస్థ) తన సొంత అవసరానికి అదే నమూనాను తీసుకుంది. ఓడల రూపకల్పన సంస్థ గిబ్స్ అండ్ కాక్స్ దాన్ని మార్చింది. బొగ్గుకు బదులు చమురు వచ్చింది. పాత తరహా స్కాచ్ బాయిలర్ల స్థానంలో నీటి గొట్టాల బాయిలర్లు రెండు పెట్టారు. ముందొకటి వెనకొకటిగా ఉన్న సిబ్బంది గదులను నడిమధ్య ఒకే కట్టడంలోకి చేర్చారు. అలా తయారైన నమూనాకు కాగితాల మీద పేరు ఈసీ2-ఎస్-సీ1. మొదటి ఓడ ప్యాట్రిక్ హెన్రీ 1941 సెప్టెంబర్ 27న బాల్టిమోర్‌లో నీళ్లలోకి దిగింది.

అదే నార్త్ శాండ్స్ నమూనాతో కెనడా కట్టిన ఓడలు ‘ఫోర్ట్’ తరగతివి. వాటిలో ఒకటి మన దేశంలో ఎవరూ మరిచిపోకూడని ఓడ: 1942లో ప్రిన్స్ రూపర్ట్‌లో కట్టిన ఫోర్ట్ స్టికీన్. పేలుడు పదార్థాలు, పత్తి బేళ్లు, నూనె పీపాలు ఒకే పొట్టలో నింపుకుని బొంబాయి విక్టోరియా డాక్‌లో నిలబడి, 1944 ఏప్రిల్ 14న మంటలంటుకుని పేలిపోయింది. ఏటా ఏప్రిల్ 14న తెలుగు రాష్ట్రాల ఫైర్ స్టేషన్లలోనూ అగ్నిమాపక వారోత్సవాలు మొదలయ్యేది ఆ రోజు ప్రాణాలిచ్చిన ఫైర్‌మెన్‌ను తలుచుకునే. తప్పు ఓడ నిర్మాణానిది కాదు, సరకు పేర్చిన తీరుది. యుద్ధకాలపు ఓడల ప్రమాదాలన్నింటినీ ‘హడావుడి నిర్మాణం’ ఖాతాలో వేసేవాళ్లు గమనించాల్సిన తేడా ఇది.

సౌత్ పోర్ట్‌లండ్‌లో రెండు నెలలలోపు

ఓబ్రయన్‌ను కట్టింది సౌత్ పోర్ట్‌లండ్‌లోని న్యూ ఇంగ్లండ్ షిప్‌బిల్డింగ్ కార్పొరేషన్. కీల్ (ఓడ అడుగున ఉండే వెన్నెముక) వేసింది 1943 మే నెలలో. జలప్రవేశం జూన్ 19న. ఆ నెలాఖరుకల్లా ఓడను అప్పగించేశారు. పేరు 1775లో ఇదే రాష్ట్రంలోని మాకియస్ దగ్గర బ్రిటిష్ నౌక మార్గరెట్టాను పట్టుకున్న స్థానికుల నాయకుడిది.

రెండు నెలలలోపు పది వేల టన్నుల ఓడ ఎలా తయారవుతుంది? కట్టే వరసను తిరగేశారు. పాత పద్ధతిలో ఓడ కట్టే వాలు మీదే ఫ్రేములు నిలబెట్టి, వాటికి ఒక్కొక్క ఉక్కు పలక రివెట్లతో బిగించేవారు. వాలు ఖాళీ అయితేగాని ఇంకో ఓడ మొదలుకాదు. లిబర్టీ యార్డుల్లో వాలు పక్కనున్న షెడ్లలో గోడలు, డెక్కులు, డబుల్ బాటమ్ ట్యాంకులు (అడుగున రెండు పొరల మధ్య ఉండేవి) పెద్ద పెద్ద భాగాలుగా ముందే తయారయ్యేవి. వాటిని క్రేన్లతో తెచ్చి వాలు మీద అతికేవారు. తల మీద చెయ్యెత్తి చేయాల్సిన వెల్డింగును షెడ్డులో భాగాన్ని తిరగేసి కిందికి చూస్తూ చేయొచ్చు. వేగం పెరుగుతుంది, కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా చేయగలుగుతారు. పనిచేసినవాళ్లలో చాలామంది అంతకుముందు షిప్‌యార్డు ముఖం చూడనివాళ్లు, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది.

రిచ్‌మండ్ యార్డు 1942 నవంబర్‌లో రాబర్ట్ ఇ. పియరీని 4 రోజుల 15 గంటల చిల్లరలో నీళ్లలోకి దింపింది. అది ప్రచారం కోసం చేసిన ప్రదర్శన. ముందే సిద్ధం చేసుకున్న భాగాలతో, మామూలుగా లేనంత మందితో చేశారు. లిబర్టీల నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు ఆ ఓడను లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది. సగటున పట్టిన కాలం దాదాపు 42 రోజులు.

కొలతలు అన్ని యార్డుల్లోనూ ఒకటే. పొడవు 441 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు దాదాపు 57 అడుగులు, నిండుగా ఎక్కిస్తే నీటిలో మునిగే లోతు 27 అడుగుల 9 అంగుళాలు. అప్పుడు మొత్తం బరువు 14,245 టన్నులు. అయిదు హోల్డులు, అంటే సరకు గదులు: ఇంజిన్ గదికి ముందు మూడు, వెనక రెండు. ఒక ఓడలో 2,840 జీపులు గాని, 440 తేలిక ట్యాంకులు గాని పడతాయని అప్పట్లో లెక్క కట్టారు. ఆచరణలో కలగలుపు సరకే ఎక్కువ వెళ్లేది. డెక్కు మీద కూడా లారీలో విమాన భాగాలో గొలుసులతో కట్టేవారు.

పాత ఇంజిన్ ఎందుకు పెట్టారు

1943 నాటికి ఆవిరి టర్బైన్లు కొత్తవేమీ కావు. అయినా లిబర్టీకి పంతొమ్మిదో శతాబ్దపు ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ పిస్టన్ ఇంజిన్ పెట్టారు. టర్బైన్ వేలల్లో తిరుగుతుంది, ప్రొపెల్లర్ వందలోపు తిరగాలి. మధ్యలో వేగం తగ్గించే గేర్లు కావాలి. అంత పెద్ద గేర్ల పళ్లు కచ్చితంగా కోసే యంత్రాలు తక్కువ, వాటిని యుద్ధనౌకలకు కేటాయించారు. డీజిల్ ఇంజిన్లదీ అదే కథ. పిస్టన్ ఇంజిన్‌కైతే పోత పోసే ఫౌండ్రీ, పెద్ద లేత్ ఉన్న ఏ కర్మాగారమైనా చాలు. పైగా ఒక కర్మాగారం చేసిన భాగం మరో కర్మాగారం ఇంజిన్‌కు సరిపోయేలా డ్రాయింగులు బిగించారు.

ఇది పనిచేసే తీరు కళ్లారా చూడొచ్చు. బాయిలర్ నుంచి చదరపు అంగుళానికి 220 పౌండ్ల పీడనంతో వచ్చిన ఆవిరి ముందు 24½ అంగుళాల సిలిండర్‌లోకి వెళ్తుంది. అక్కడ కొంత వ్యాకోచించి, పీడనం తగ్గి, 37 అంగుళాల సిలిండర్‌లోకి వస్తుంది. అక్కణ్నుంచి 70 అంగుళాల దాంట్లోకి. ఒకే ఆవిరిని మూడుసార్లు పని చేయించడమన్నమాట. పీడనం తగ్గేకొద్దీ అదే బలం రావాలంటే పిస్టన్ వైశాల్యం పెరగాలి. చివరి పిస్టన్ వైశాల్యం మొదటిదానికి ఎనిమిది రెట్లకు పైనే. మూడింటికీ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 48 అంగుళాలు. నిమిషానికి 76 చుట్లు, 2,500 హార్స్‌పవర్. మధ్యలో గేర్లేమీ లేవు. క్రాంక్‌షాఫ్ట్ ఎంత తిరిగితే 18½ అడుగుల ప్రొపెల్లర్ అంతే తిరుగుతుంది. నిండు వేగంలో రోజుకు లక్షా తొమ్మిది వేల చుట్లు, గంటకు 11 నాటికల్ మైళ్లు, రోజుకు 264. చమురు ఖర్చు రోజుకు ముప్ఫై టన్నుల దరిదాపుల్లో.

చివరి సిలిండర్ వదిలిన ఆవిరి కండెన్సర్‌లో సముద్రపు నీటి గొట్టాలను తాకి నీరవుతుంది. ఆ నీరే మళ్లీ బాయిలర్‌కు. ఇక్కడే ఈ ఇంజిన్ల అసలు జబ్బు ఉంది: నూనె. పైకి కిందికి ఆడే పిస్టన్ రాడ్లకు బ్రష్షుతో నూనె పూయాలి. పూసిన నూనెలో కొంత ఆవిరిలో కలిసి కండెన్సర్‌కు, అక్కణ్నుంచి బాయిలర్‌కు చేరుతుంది. బాయిలర్ గొట్టం లోపలి గోడకు పలచటి నూనె పొర పట్టినా చాలు, వేడి నీటికి చేరదు, గొట్టం ఎర్రబడి ఉబ్బి పగులుతుంది. అందుకే నీరు బాయిలర్‌కు వెళ్లే దారిలో వడపోత తొట్టి ఉంటుంది. ఆ కాలపు ఆవిరి ఓడల్లో అందులో వాడింది ఎండు బీర పీచు, లేదంటే తువ్వాలు గుడ్డ. పీచు నల్లబడితే మార్చాలి. ఈ చిన్న పని వాయిదా వేస్తే వచ్చే నష్టం బాయిలర్ గొట్టాలంత.

బేరింగులదీ అలాంటి లెక్కే. క్రాంక్ బేరింగుల్లో తగరం పాలు ఎక్కువున్న మెత్తటి వైట్ మెటల్ పూత ఉంటుంది. నూనె ఆగితే వేడెక్కి కరిగి తుడుచుకుపోతుంది. నూనె చూసుకునే నావికుడు ఆయిలర్. అతని పని గంటకు కొన్నిసార్లు తిరుగుతూ ప్రతి బేరింగును చేత్తో తాకి చూడటం. ముప్పాతిక సెకనుకో చుట్టు తిరిగే క్రాంక్‌తో పాటు చెయ్యి కదిలిస్తూ, తాకీ తాకనట్టు తాకాలి. థర్మామీటర్ కన్నా ముందే వేళ్లకు తెలుస్తుంది. వేడెక్కిన బేరింగు కనబడితే వేగం తగ్గించి నూనె పెంచుతారు. అప్పటికీ లొంగకపోతే ఇంజిన్ ఆపి, బేరింగు విప్పి, వైట్ మెటల్‌ను గీకి సరిచేసి, మధ్యలో సీసపు తీగ పెట్టి బిగించి, నలిగిన తీగ మందం కొలిచి సందు సరిచూస్తారు. సముద్రం మధ్యలో, ఓడలో ఉన్న పనిముట్లతోనే అయ్యే మరమ్మతు ఇది. టర్బైన్ బ్లేడు విరిగితే ఆ అవకాశం లేదు.

ఏడు ప్రయాణాలు

ఓడ యజమాని ప్రభుత్వం, నడిపింది గ్రేస్ లైన్. సిబ్బంది వ్యాపార నావికులు. ఫిరంగుల దగ్గర మాత్రం నౌకాదళం వాళ్లు. యుద్ధకాలంలో ఓబ్రయన్ చేసిన ప్రయాణాలు ఏడు. మొదట్లో అట్లాంటిక్ మీదుగా బ్రిటన్‌కు, కాన్వాయ్‌లో మిగతా ఓడలతో కలిసి. చివర్లో పసిఫిక్, హిందూ మహాసముద్రాల్లో: చిలీ, పెరూ, న్యూగినీ, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా, చైనా, మన దేశం.

మధ్యలో 1944 వేసవి. నార్మండీ దాడి మొదలయ్యాక ఇంగ్లండ్ రేవుల నుంచి ఒమాహా, యూటా తీరాలకు పదకొండుసార్లు మనుషుల్నీ వాహనాల్నీ చేరవేసింది. అక్కడ రేవు లేదు. లోతు నీళ్లలో లంగరేసి, పక్కకొచ్చిన చదును పడవల్లోకి సరకు దించాలి. లిబర్టీ తన క్రేన్ పని తానే చేసుకోగలగడం అక్కడ అక్కరకొచ్చింది.

హ్యాచ్‌కు (హోల్డు పైన డెక్కులో ఉండే రంధ్రానికి) రెండు బూములు, అంటే బరువులెత్తే పొడవాటి వాసాలు, వాడే పద్ధతి చెప్పుకోవాలి. ఒక బూమును హ్యాచ్ నడిమధ్యకు, రెండోదాన్ని ఓడ అంచు దాటి బయటికి కట్టేస్తారు. ఆ తర్వాత బూములు కదలవు. రెండు వించ్‌ల (తీగ చుట్టే యంత్రాల) తీగలూ ఒకే కొక్కేనికి కలుస్తాయి. మొదటి వించ్ హోల్డులోంచి సరకును నిలువుగా లేపుతుంది. తర్వాత మొదటిది వదులుతుంటే రెండోది లాగుతుంది, సరకు అడ్డంగా జరిగి ఓడ బయటికి వస్తుంది. అప్పుడు రెండోది దించుతుంది. తెలిసిన వించ్‌మన్లు ఇద్దరుంటే ఊయల ఊగకుండా నిమిషాల్లో ఒక దఫా దిగిపోతుంది. తెలియనివాళ్లు చేసే తప్పు ఒకటే: సరకును మరీ ఎత్తుకు లేపడం. రెండు తీగల మధ్య కోణం 120 డిగ్రీలైతే ఒక్కో తీగ మీద లాగుడు సరకు మొత్తం బరువంత. ఇంకా తెరుచుకుంటే అంతకు మించుతుంది. తీగ తెగడమో బూము వంగడమో అక్కడే జరుగుతుంది. ట్యాంకుల్లాంటి బరువులకు ఈ పద్ధతి పనికిరాదు. రెండో హ్యాచ్ దగ్గరున్న 50 టన్నుల బూమును విడిగా వాడాలి.

వించ్‌లు, లంగరు యంత్రం, చుక్కాని ఇంజిన్ అన్నీ ఆవిరివే. విద్యుత్తు తయారీకీ 20 కిలోవాట్ల ఆవిరి జెనరేటర్లు మూడు, అంతే. ఇవాళ ఒక పెద్ద పెళ్లి మండపానికి పెట్టే జెనరేటర్ అంతకన్నా పెద్దది.

ఇక పగుళ్ల సంగతి

1943 జనవరి 16న ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త ఓడ ధక్కా పక్కన నిశ్చలమైన నీటిలో నిలబడి ఉండగానే పెద్ద చప్పుడుతో నడిమికి విరిగింది. ఆ ఫొటోనే ఇప్పటికీ ‘లిబర్టీ విరిగిన ఫొటో’గా తిరుగుతోంది. నిజానికి స్కెనెక్టడీ టీ2 రకం చమురు ట్యాంకర్. లిబర్టీలు విరగలేదని కాదు. అదే ఏడాది నవంబర్‌లో జాన్ పి. గెయిన్స్ అలాస్కా దగ్గర రెండు ముక్కలై పదిమంది పోయారు.

ఎన్ని విరిగాయి? అమెరికా ప్రభుత్వం వేసిన విచారణ బోర్డు వెల్డింగ్‌తో కట్టిన 4,694 వ్యాపార నౌకల రికార్డులు చూసింది. దాదాపు 970 ఓడల్లో పగుళ్లు కనిపించాయి. వాటిలో చాలావరకు చిన్నవి, మరమ్మతుకు లొంగేవి. ప్రధాన డెక్కు ఆ చివర నుంచి ఈ చివరకు తెగిపోయినవి 24. పూర్తిగా పోగొట్టుకున్నవి ఎనిమిది. ‘లిబర్టీలన్నీ విరిగేవే’ అన్నది అతిశయోక్తి. ‘ఏవో ఒకటీ అరా’ అన్నదీ తప్పే. అయిదు ఓడల్లో ఒకదానికి పగులంటే ఏ యార్డూ దులుపుకుని పోగలిగేది కాదు.

కారణాలు మూడు పొరలుగా ఉన్నాయి. ఏ ఒక్కదాన్ని తీసేసినా మిగతా రెంటికీ అంత బలముండేది కాదు.

మొదటిది ఉక్కు. ఆనాటి ఓడల ఉక్కును బలానికి పరీక్షించేవారు గాని చల్లబడితే ఎలా ప్రవర్తిస్తుందో చూసేవారు కాదు. కొంత వేడి మీద ఈ ఉక్కు లాగితే సాగి, వంగి, శక్తిని మింగుతుంది. ఒక ఉష్ణోగ్రత కిందికి దిగాక అదే ఉక్కు సాగదు, గాజులా పగులుతుంది. ఈ హద్దు ప్రతి ఉక్కుకూ వేరు. గంధకం, భాస్వరం ఎక్కువైనా, కార్బన్‌తో పోలిస్తే మాంగనీస్ తక్కువైనా, ఉక్కులోని గింజలు (స్ఫటికాలు) ముతకగా ఉన్నా హద్దు పైకి జరుగుతుంది. యుద్ధకాలపు పలకలు కొన్నింటికి అది మామూలు చలికాలపు సముద్రపు నీటి వేడి దగ్గరే ఉంది. తప్పు పనితనంలో కన్నా ఉక్కులోనే ఎక్కువ ఉందని కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ చేసిన పరీక్షలు చూపించాయి. విరిగిన ఓడల పలకలను గాటు పెట్టి సుత్తి దెబ్బతో విరిచే చార్పీ పరీక్షకు పెట్టి చూసి, 15 ఫుట్-పౌండ్ల శక్తిని మింగగలిగిన ఉక్కులో పగులు మొదలవడం అరుదని తర్వాత తేల్చారు. ఓడల ఉక్కు ప్రమాణాలు మారడానికి ఆ అంకె దారి చూపింది.

రెండోది ఆకారం. హ్యాచ్ అంటే డెక్కులో కోసిన పెద్ద నాలుగు మూలల రంధ్రం. అల మీద ఓడ వంగినప్పుడు డెక్కు అంతటా పరుచుకోవాల్సిన లాగుడు రంధ్రం పక్కకు మళ్లి, నిక్కచ్చిగా ఉన్న మూల దగ్గర పోగవుతుంది. డెక్కు అంచు పలకలో నిచ్చెన కోసం కోసిన గాటు కూడా అలాంటిదే. పగుళ్లలో ఎక్కువ మొదలైంది ఈ రెండు చోట్లే. ఖాళీగా తిరిగొచ్చే ఓడలో తూకం కోసం నింపే బరువు నీరు (బల్లాస్ట్) రెండు కొసలకే నింపితే నడుము ఇంకా పైకి వంగి డెక్కు మీద లాగుడు పెరుగుతుంది.

మూడోదిగా వెల్డింగ్ వస్తుంది. అదీ రెండు రకాలుగా. నాసిరకం వెల్డ్ లోపల దాగిన చిన్న లోపం పగులుకు మొదలవుతుంది. ఇది పనితనం తప్పు. రెండోది ఎంత బాగా చేసినా తప్పనిది. రివెట్ల ఓడలో పలకకూ పలకకూ మధ్య సందు ఉంటుంది, ఒక పలక పగిలితే దాని అంచు దగ్గర ఆగుతుంది. వెల్డింగ్ చేసిన ఓడ మొత్తం ఒకే పలక. పగులుకు ఆగే చోటే లేదు.

అందుకే విరుగుడు కూడా మళ్లీ వెల్డింగ్ మానేయడం కాలేదు. హ్యాచ్ మూలలకు గుండ్రటి బలపు పలకలు వేశారు. నిచ్చెన గాటు పూడ్చారు. డెక్కు అంచున పొడవునా చీలిక కోసి, దాని మీద రివెట్లతో పట్టీ బిగించారు. పగులు పరిగెత్తుకొస్తే ఆ చీలిక దగ్గర ఆగిపోతుంది. బరువు నీరు ఎక్కడ నింపాలో ఓడల కెప్టెన్లకు సూచనలు వెళ్లాయి. ఆ తర్వాత పెద్ద పగుళ్లు బాగా తగ్గాయి.

ఓబ్రయన్ బతకడం ఆ ఉక్కు మంచిదనడానికి రుజువు కాదు. విరిగినవి, జలాంతర్గాములకు బలైనవి, తుక్కుకు వెళ్లినవి మన ముందు లేవు. మిగిలిన రెండు ఓడలను చూసి 2,710 ఓడల నాణ్యతను అంచనా వేయడం, తొంభై ఏళ్లు బతికిన చుట్టతాగే తాతను చూసి పొగాకు మంచిదనడంలాంటిది.

ముప్ఫై మూడేళ్ల మౌనం

యుద్ధం అయ్యాక లిబర్టీలను వందల సంఖ్యలో అమ్మేశారు. గ్రీకు యజమానులు ఎక్కువ కొన్నారు. వాళ్ల చేతుల్లో అవి ఇరవయ్యేళ్లకు పైగా నడిచి, చివరికి తుక్కు యార్డులకు చేరాయి. అయిదేళ్ల అంచనా ఆ విధంగానూ తప్పే అయింది. ఓబ్రయన్‌ను మాత్రం ఎవరూ కొనలేదు. 1946లో శాన్ ఫ్రాన్సిస్కోకు ఎగువన సూసన్ బేలోని రిజర్వు నౌకల వరసలో కట్టేశారు. నదుల నీరు కలిసే ఆ బేలో ఉప్పు తక్కువ, ఓడ అడుగుకు సముద్రపు గుల్లలు అంతగా పట్టవు. అదొక అదృష్టం.

ఓడను ఇలా పక్కన పెట్టడంలో ముఖ్యమైనది నీటిని తరిమేయడం. బాయిలర్లు, కండెన్సర్, పంపులు, గొట్టాల్లోంచి నీరంతా వంపి ఆరబెడతారు. మూలన మిగిలిన కప్పుడు నీరు కూడా ఏళ్ల తరబడి అక్కడే గుంట తవ్వుతుంది. మెరిసే ఉక్కు భాగాలన్నింటికీ చిక్కటి రక్షక గ్రీజు పూస్తారు. కాలక్రమంలో అది గట్టిపడి గీకితేగాని రాదు, కానీ కింద ఉక్కు కొత్తదిలా ఉంటుంది.

1960ల్లో మారిటైమ్ అడ్మినిస్ట్రేషన్‌లో పనిచేస్తున్న థామస్ ప్యాటర్సన్ ఆ వరసల్లోని ఓడలను సర్వే చేస్తూ దీన్ని గుర్తించారు. తర్వాతి మార్పులేవీ లేకుండా కట్టినప్పటి రూపంలోనే ఉంది. తుక్కు జాబితాల్లో ఈ ఓడ వంతు రాకుండా వెనక్కి నెడుతూ వచ్చారు. 1970ల చివర్లో దీన్ని కాపాడేందుకు జాతీయ స్మారక సంస్థ ఏర్పడింది. 1979 అక్టోబర్‌లో టగ్గులు లాక్కెళ్లే బదులు బాయిలర్ వెలిగించి సొంత ఇంజిన్‌తో బయల్దేరింది.

ముప్ఫై మూడేళ్లు నిద్రపోయిన ఇంజిన్‌ను లేపే క్రమంలో తొందరపడితే ఏదో ఒకటి విరుగుతుంది. ముందు గ్రీజు తీసి, ఎండిపోయిన ప్యాకింగులు, గ్యాస్కెట్లు మార్చాలి. బాయిలర్‌లో నీరు నింపి, పని పీడనం కన్నా ఎక్కువ పీడనంతో చల్లగానే పరీక్షించాలి. నీటితో లీకు కనిపిస్తే తడుస్తాం, ఆవిరితో కనిపిస్తే చచ్చిపోతాం. సేఫ్టీ వాల్వులు విప్పి చూడాలి. టర్నింగ్ గేరుతో ఇంజిన్‌ను ఒక పూర్తి చుట్టు మెల్లగా తిప్పి ఎక్కడా పట్టలేదని చూసుకోవాలి.

వెలిగించడం కూడా ఒక చిక్కే. బాయిలర్‌లో మండే బరువు చమురు వేడి చేస్తేగాని తుంపరగా చిమ్మదు. వేడి చేయాలంటే ఆవిరి కావాలి. ఆవిరి ఇంకా లేదు. అందుకే మొదట తేలిక చమురుతో చిన్న మంట పెడతారు. కొంత పీడనం వచ్చాక బరువు చమురును వేడి చేసి దానికి మారతారు. పూర్తి పీడనం దాకా రావడానికి తక్కువలో తక్కువ పన్నెండు గంటలు. ఇటుకలు, డ్రమ్ము, గొట్టాలు వేరు వేరు వేగాల్లో వ్యాకోచిస్తాయి కాబట్టి తొందర చేస్తే అతుకులు లీకవుతాయి. ఇంజిన్ వంతు చివర వస్తుంది. నీరు వంపే డ్రెయిన్ కాక్‌లన్నీ తెరిచి, కొద్దికొద్దిగా ఆవిరి వదులుతూ సిలిండర్లను గంటసేపు వేడి చేస్తారు. చల్లటి సిలిండర్‌లో ఆవిరి నీరవుతుంది. నీరు నలగదు. డ్రెయిన్ మూసి ఉండగా పిస్టన్ పైకి వస్తే సిలిండర్ మూత పగులుతుంది. అలాంటి పోత భాగం మళ్లీ దొరకదు.

నార్మండీకి రెండోసారి, ఆ తర్వాత

1994లో నార్మండీ దాడికి యాభై ఏళ్లు. మూడు పాత అమెరికన్ సరకు ఓడలు కలిసి వెళ్లాలనుకున్నాయి. జాన్ డబ్ల్యూ. బ్రౌన్ పొట్టలో రివెట్ల పని తేలి ఆగిపోయింది. అది కట్టిన బాల్టిమోర్ యార్డు పలకల్ని వెల్డింగ్‌తో అతికినా ఫ్రేములకు మాత్రం రివెట్లతోనే బిగించేది. ఆ రివెట్ల తలలు తుప్పుకు అరిగిపోతే ఒక్కోదాన్ని విడిగా మార్చాలి. మూడో ఓడ లేన్ విక్టరీ బయల్దేరి మధ్యలో వెనుదిరిగింది. ఓబ్రయన్ ఒక్కటే శాన్ ఫ్రాన్సిస్కో నుంచి పనామా కాలువ మీదుగా ఇంగ్లిష్ చానల్ చేరింది. 1944 నాటి అయిదు వేల ఓడల దండులోంచి తిరిగొచ్చిన పెద్ద ఓడ ఇదొక్కటే. నడిపింది స్వచ్ఛంద సిబ్బంది, చాలామంది యుద్ధకాలపు నావికులే. తిరుగుదారిలో పుట్టిన చోటి పక్కనే ఉన్న, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌కూ వెళ్లి సెప్టెంబర్‌లో ఇల్లు చేరింది.

2020 మే 23న ఓడను కట్టేసి ఉంచిన పియర్ 45 (ధక్కా)లోని షెడ్డు తగలబడింది. అగ్నిమాపక సిబ్బంది ఫైర్‌బోట్‌తో నీరు చిమ్ముతూ ఓడను కాపాడారు. ఆ తర్వాత ఓడ పియర్ 35 దగ్గరికి మారింది.

ఇకముందు దీని ఆయుష్షు ఇంజిన్ మీద ఆధారపడదు. ఆ భాగాలు మందంగా ఉన్నాయి, అరిగితే చేయించుకోవచ్చు. తేల్చేది పొట్ట పలకలు. డ్రైడాక్‌లో ఎక్కించినప్పుడల్లా అల్ట్రాసానిక్ మీటరుతో అడుగు నుంచి నీటిగీత దాకా గళ్లు గళ్లుగా మందం కొలుస్తారు. హద్దు కన్నా పలచబడిన చోట పలకను కోసి కొత్తది అతకాలి. అప్పుడే 1943 ఉక్కు మళ్లీ ఇబ్బంది పెడుతుంది. గంధకం ఎక్కువున్న పాత పలక మీద ఇవాళ్టి వెల్డింగ్ మామూలుగా చేస్తే అతుకు పక్కనే సన్నటి పగులు వస్తుంది. తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి వాడాలి, పలకను ముందే వేడి చేయాలి, కొత్త ముక్క మూలలను గుండ్రంగా కోయాలి, పని అయ్యాక అతుకు పొడవునా పగుళ్ల పరీక్ష చేయాలి. ఈ పనులన్నీ అయ్యాకే ఓడను నీళ్లలోకి దించుతారు.